విల్లుతో వేట మొదలుపెట్టేవాళ్లకి: కాంపౌండా, రికర్వా, క్రాస్‌బోనా?

విల్లుతో వేట నేర్చుకోవాలని అనుకోగానే అందరూ వేసే మొదటి ప్రశ్న ఏ విల్లు కొనాలి అని. దానికి జవాబు చెప్పేముందు నేను తిరిగి రెండు అడుగుతాను. వారంలో ఎన్ని రోజులు బాణాలు వెయ్యడానికి మీకు నిజంగా వీలవుతుంది? జంతువు ఎంత దగ్గరికి వచ్చేదాకా కదలకుండా ఆగగలరు? ఈ రెండిటికీ మీకు మీరు నిజం చెప్పుకుంటే ఎంపిక ముప్పావు వంతు అయిపోయినట్టే. ఒక్కో విల్లు ఒక్కో రకం సాధన అడుగుతుంది, ఒక్కో దూరం దగ్గర ఆగిపొమ్మంటుంది. ఆ రెండూ మీ వీలుకీ మీ ఓపికకీ సరిపోతే చాలు, మిగతావన్నీ తర్వాత సర్దుకోవచ్చు.

దానికంటే ముందు చట్టం సంగతి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువుల వేట నేరం, విల్లయినా తుపాకీ అయినా ఒకటే, కాబట్టి అక్కడ ఉన్నవాళ్లు టార్గెట్ ఆర్చరీ నేర్చుకోవచ్చు గానీ వేటకి వెళ్లకూడదు. బ్రిటన్‌లో కూడా విల్లుతో వేట నిషేధం. అమెరికా, కెనడా లాంటి చోట్ల లైసెన్సు తీసుకుని, సీజన్‌లో, అనుమతి ఉన్న జంతువుని మాత్రమే వేటాడొచ్చు. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. విల్లు లాగే బరువు కనీసం ఎన్ని పౌండ్లుండాలి, బాణం ములుకు ఎంత వెడల్పుండాలి, తుపాకీలా ట్రిగ్గర్ నొక్కి వేసే క్రాస్‌బో ఏ సీజన్‌లో వాడొచ్చు, బోహంటర్ కోర్సు తప్పనిసరా కాదా, అన్నీ రాష్ట్రాన్ని బట్టి మారతాయి. విల్లు కొన్నాక కాకుండా కొనకముందే మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ నియమాల పుస్తకం తెచ్చుకుని చదవండి. కోర్సు తప్పనిసరి కాని చోట కూడా చెయ్యండి, గాయపడ్డ జంతువుని ఎలా వెతకాలో పద్ధతిగా చెప్పే చోటు అదొక్కటే కొత్తవాళ్లకి.

కాంపౌండ్

ఎక్కువమంది కొత్తవాళ్లకి నేను చెప్పేది ఇదే. కొమ్ముల చివర కామ్‌లు అనే చక్రాలు, వాటి చుట్టూ తిరిగే కేబుళ్లు ఉండే విల్లు ఇది. మిస్సోరీ రాష్ట్రానికి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ 1966లో దీని పేటెంట్ కోసం దరఖాస్తు పెడితే 1969లో వచ్చింది. మామూలు విల్లుని వెనక్కి లాగేకొద్దీ బరువెక్కుతుంది, సరిగ్గా గురి చూడాల్సిన క్షణానికే చేతి మీద భారం అన్నిటికంటే ఎక్కువ ఉంటుంది. అలెన్ దీన్ని తిరగేశాడు. కాంపౌండ్‌లో మధ్యలో పూర్తి బరువు తగులుతుంది, చివరికి వచ్చేసరికి కామ్ తిరిగిపోయి ఒక్కసారిగా తేలికవుతుంది. దీన్ని లెట్-ఆఫ్ అంటారు, ఇప్పటి వేట విల్లుల్లో చాలావాటికి 80 శాతం పైనే ఉంటుంది. 60 పౌండ్ల విల్లుకి 80 శాతం లెట్-ఆఫ్ ఉందంటే, పూర్తిగా లాగి పట్టుకున్నాక మీ చేతి మీద మిగిలేది 12 పౌండ్లే.

అడవిలో కూర్చున్నప్పుడు ఈ 12 పౌండ్ల విలువ తెలుస్తుంది. జింక తల చెట్టు మానుకి అవతల ఉన్నప్పుడే మీరు విల్లు లాగాలి, ఎందుకంటే దాని కన్ను కనిపిస్తుంటే మీ కదలిక దానికీ కనిపిస్తుంది. లాగిన తర్వాత అది అక్కడే ఆగిపోయి ఆకు నములుతూ నిలబడితే? కాంపౌండ్‌తో అర నిమిషం, సాధన ఉంటే ఇంకాసేపు, చెయ్యి వణక్కుండా ఆగగలరు. రికర్వ్‌తో, అంటే చక్రాలు లేకుండా కొసలు ముందుకి వంగి ఉండే విల్లుతో, ఆ అవకాశం లేదు, కొన్ని సెకన్లలో వదలాలి లేదా నెమ్మదిగా దించెయ్యాలి, ఆ దించే కదలికకే సగం జింకలు పారిపోతాయి. మొదటి వేటలో గుండె దడదడలాడుతూ టెన్షన్‌లో ఉన్నవాడికి ఆ అర నిమిషం చాలా పెద్ద వరం.

దీనికి తోడు గురి చూసే సైట్ ఉంటుంది, నారిలో పీప్ అనే చిన్న రంధ్రం ఉంటుంది, నారిని వదిలే రిలీజ్ ఉంటుంది కాబట్టి ఒక మనిషి దగ్గరుండి నేర్పితే కొన్ని వారాల్లోనే 20 గజాల్లో బాణాలు ఒకచోట పడటం మొదలవుతుంది. లోటు ఏంటంటే ఇది యంత్రం. నారి మార్చాలన్నా, కామ్‌లు సరిచెయ్యాలన్నా విల్లుని వంచి పట్టే బో ప్రెస్ కావాలి, అంటే విల్లుల దుకాణానికి వెళ్లాల్సిందే. మీకు దగ్గర్లో మంచి బో టెక్నీషియన్ లేకపోతే ఇది చిన్న విషయం కాదు, సీజన్ మధ్యలో కేబుల్ పాడైతే ఆ సీజన్ అక్కడితో ఆగిపోవచ్చు.

పెట్టె మీద ఉండే వేగాన్ని చూసి కొనకండి. సెకనుకి 330 అడుగులు అని రాస్తారు. ఆ కొలత 70 పౌండ్ల బరువుతో, 30 అంగుళాల డ్రా లెంగ్త్‌తో (నారిని వెనక్కి లాగే పొడవు), 350 గ్రెయిన్ల (బాణం బరువు కొలిచే చిన్న ప్రమాణం) తేలికపాటి బాణంతో తీసింది. మీ చేతులు 28 అంగుళాలకి సరిపోయేవి, మీరు లాగేది 55 పౌండ్లు, మీ వేట బాణం 430 గ్రెయిన్లు అయితే అదే విల్లు 260 దగ్గర్లో వేస్తుంది. వేటకి అది పుష్కలంగా చాలు. వేగం కోసం చేసిన విల్లులకి కామ్‌లు కరుగ్గా ఉంటాయి, లాగుతుంటే మొదటి నుంచీ బరువు తగులుతుంది, నారి చేతిలోంచి ముందుకి గుంజుకుపోవాలని చూస్తుంది. కొత్తవాళ్లకి మెత్తగా లాగుడుపడే విల్లే మంచిది.

రికర్వ్, లాంగ్‌బో

రికర్వ్ అందమైన విల్లు, నాకు దాని మీద ప్రేమ ఎక్కువ, అయినా మొదటి ఏడాదే వేటకి వెళ్లాలనుకునేవాళ్లకి దాన్ని చెప్పను. 45 పౌండ్ల రికర్వ్ అంటే ఆ 45 పౌండ్లూ మీ మూడు వేళ్ల మీదే ఉంటాయి. పైగా విల్లు మీద రాసే బరువు 28 అంగుళాల దగ్గర కొలిచింది, మీరు 26 అంగుళాలే లాగితే అంగుళానికి రెండు మూడు పౌండ్ల చొప్పున తగ్గి 40 దగ్గరకి వచ్చేస్తుంది. మీ రాష్ట్రంలో కనీసం 40 ఉండాలని నియమం ఉంటే అంచు మీద నిలబడ్డట్టే, కొనేముందే స్కేలు పెట్టి మీ డ్రా లెంగ్త్ దగ్గర ఎంత తూగుతుందో చూడండి.

రికర్వ్ అడిగేది రోజూ సాధన. వారానికి ఒక్కరోజు వంద బాణాలు వేసేవాడికంటే రోజూ పదిహేనో ఇరవయ్యో శ్రద్ధగా వేసేవాడికే ఇది లొంగుతుంది. సైట్ లేకుండా వేసేటప్పుడు కొంతమంది బాణం మొన నుంచి గురికి మధ్య ఉన్న ఖాళీని లెక్కపెట్టుకుని వేస్తారు, దాన్ని గ్యాప్ పద్ధతి అంటారు. ఇంకొంతమంది గురినే చూస్తూ చేతి అలవాటు మీద వదిలేస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి గ్యాప్ పద్ధతే మేలు అని నా అభిప్రాయం, ఎందుకంటే బాణం తప్పినప్పుడు ఎందుకు తప్పిందో తెలుసుకునే దారి అందులో ఉంది.

అమెరికాలో ఇప్పటి విల్లు వేట ఎక్కడ మొదలైందో గుర్తుచేసుకుంటే రికర్వ్, లాంగ్‌బో వాడేవాళ్ల పట్టుదల అర్థమవుతుంది. యాహి తెగలో చివరివాడైన ఇషి 1911లో కాలిఫోర్నియాలో బయటి ప్రపంచంలోకి వచ్చాడు, 1916లో చనిపోయాడు. ఆ మధ్య కాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయనకి వైద్యం చేసిన డాక్టర్ సాక్స్‌టన్ పోప్ ఆయన దగ్గరే విల్లు పట్టడం నేర్చుకున్నాడు. ఇషి విల్లు పెద్ద బరువున్నది కాదు, దూరం వేసేదీ కాదు. గాలి వాలు చూసుకుని చప్పుడు లేకుండా చేరడం, కూతలతో జంతువుని దగ్గరికి రప్పించడం ఆయన విద్య. రికర్వ్ తీసుకునేవాళ్లు నేర్చుకోవాల్సింది ముఖ్యంగా ఆ భాగమే. 15 గజాల లోపలికి జంతువుని రానివ్వగలిగితే రికర్వ్ చాలు, రానివ్వలేకపోతే ఎంత ఖరీదైన రికర్వ్ అయినా మీకు సాయం చెయ్యదు.

రికర్వ్‌కే మనసు పోతే టేక్‌డౌన్ రకం కొనండి, అంటే మధ్య పిడి ఒకటే ఉండి లింబ్‌లు, అంటే కొమ్ములు, విప్పి మార్చుకునేది. 25 నుంచి 30 పౌండ్ల లింబ్‌లతో ఒక ఏడాది బాణం వేసే తీరు సరిచేసుకుని, తర్వాత 40, 45కి వెళ్లొచ్చు. నారి ఎక్కించడానికి స్ట్రింగర్ అనే తాడు వాడండి, కాలి మధ్య పెట్టి వంచితే లింబ్ మెలిపడుతుంది.

లాంగ్‌బో, అంటే కొసలు ముందుకి వంగని పొడవాటి విల్లు, దాని గురించి ఒక్క మాట. రికర్వ్ చేతికి బాగా వచ్చాక వెళ్లండి.

క్రాస్‌బో

భుజానికి దెబ్బ తగిలినవాళ్లకి, వయసు పైబడినవాళ్లకి, ఒక చెయ్యి సరిగా లేవనివాళ్లకి క్రాస్‌బో నిజంగా మేలు చేసింది, అందుకే దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. ఎక్కుపెట్టేది ఒక్కసారే, తర్వాత ట్రిగ్గర్ నొక్కడమే, స్కోప్‌లో చూస్తే చాలు. ఒక మధ్యాహ్నంలో 30 గజాల్లో చక్కగా వెయ్యగలుగుతారు.

చిక్కు కూడా అక్కడే ఉంది. గురి తొందరగా కుదిరేసరికి వేట కూడా వచ్చేసిందనిపిస్తుంది. గాలి చదవడం, కదలకుండా కూర్చోవడం, జంతువు ఏ కోణంలో నిలబడితే వెయ్యాలో ఎరగడం, దెబ్బ తగిలాక జాడ పట్టుకుని వెళ్లడం, వీటిలో ఏదీ క్రాస్‌బో నేర్పదు. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. ముందు పట్టుకునే చేతి బొటనవేలు ఎప్పుడూ బాణం కూర్చునే పట్టాకి కిందే ఉండాలి, పైకి వస్తే నారి దాన్ని కోసేస్తుంది. ఎక్కుపెట్టిన క్రాస్‌బోని ఊరికే దించలేం, చాలా మోడళ్లలో సాయంత్రం ఇంటికి వెళ్లేముందు ఒక పాత బాణాన్ని టార్గెట్‌లోకో మెత్తటి నేలలోకో వేసి ఖాళీ చెయ్యాలి. దించే ఏర్పాటు ఉన్న మోడల్ దొరికితే అదే తీసుకోండి. బరువు, వెడల్పు కూడా ఎక్కువ, చెట్టుకి కట్టి కూర్చునే ట్రీ స్టాండ్‌లో కొమ్ములు చెట్టుకి తగలకుండా చూసుకోవాలి.

బాణం చేరడానికి పట్టే సమయం

మూడు విల్లుల పోలికంతా నా లెక్కలో ఈ ఒక్క విషయంలో తేలిపోతుంది, కాబట్టి కొంచెం నెమ్మదిగా చదవండి. రికర్వ్ బాణం సెకనుకి 170 అడుగులు వెళుతుందనుకుందాం, 20 గజాలు చేరడానికి సెకనులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ పడుతుంది. కాంపౌండ్ బాణం 270 అడుగులతో వెళితే సరిగ్గా ఆ సెకనులో మూడో వంతులోనే 30 గజాలు చేరుతుంది. క్రాస్‌బో 380 అడుగులతో వేసినా 50 గజాలకి 0.4 సెకను తీసుకుంటుంది. నారి చప్పుడు మాత్రం సెకనుకి 1,100 అడుగుల పైన వెళ్లి వీటన్నిటికంటే ముందే జింక చెవిలో పడుతుంది.

అప్పుడు జింక ఏం చేస్తుందంటే, పరిగెత్తడానికి ముందు కాళ్లు మడిచి ఒళ్లు కిందికి దించుతుంది. మీరు ఊపిరితిత్తులకి గురిపెట్టిన బాణం వెన్ను మీద పడుతుంది, లేదా పైనుంచి వెళ్లిపోతుంది. ఎవరి తప్పూ లేకుండానే జంతువు గాయపడుతుంది. కాబట్టి క్రాస్‌బో 50 గజాలు వేస్తుంది కదా అని 50 గజాల్లో వేసేవాడు, కాంపౌండ్‌తో 30 గజాల్లో వేసేవాడికంటే జింకకి ఎక్కువ సమయం ఇస్తున్నాడు, పైగా క్రాస్‌బో చప్పుడు కూడా పెద్దది. చెవులు నిక్కబొడుచుకుని మీవైపు చూస్తున్న జింక మీద ఏ విల్లుతోనూ దూరం నుంచి వెయ్యకండి. మొదటి రెండు సీజన్లు కాంపౌండ్‌తోనో క్రాస్‌బోతోనో అయితే 20, 25 గజాలు, రికర్వ్‌తో 15 అని గీత గీసుకోండి. టార్గెట్ మీద 40 గజాల్లో చక్కగా పడుతున్నా సరే.

ఎంత బరువు

చాలామంది బలం చూపించుకోవడానికి 70 పౌండ్లు అడుగుతారు, దుకాణంలో ఒకసారి లాగగలిగితే చాలనుకుంటారు. చలిలో మూడు గంటలు కదలకుండా కూర్చున్నాక, మందపాటి జాకెట్‌తో, చప్పుడు చెయ్యకుండా లాగాలి కదా. దీనికో పరీక్ష ఉంది. కుర్చీలో కూర్చుని రెండు పాదాలూ నేల నుంచి పైకెత్తి, విల్లుని గురి మీదే ఉంచి నేరుగా వెనక్కి లాగండి. విల్లుని ఆకాశం వైపు ఎత్తితే గానీ రావడం లేదంటే ఆ బరువు మీకు ఎక్కువ, అయిదు పౌండ్లు తగ్గించి మళ్లీ చూడండి.

తక్కువ బరువుతో జంతువు చావదేమో అన్న భయం వద్దు. బాణం శక్తి లెక్క కట్టడానికి వేగాన్ని వేగంతో గుణించి, బాణం బరువుని గ్రెయిన్లలో దాంతో గుణించి, 450240తో భాగిస్తే ఫుట్-పౌండ్లు వస్తాయి. 500 గ్రెయిన్ల బాణాన్ని 170 అడుగుల వేగంతో వేసే రికర్వ్‌కి 32 వస్తుంది, 450 గ్రెయిన్లని 260తో వేసే కాంపౌండ్‌కి 68 వస్తుంది. జింకకి పెద్ద లెక్కలేవీ అక్కర్లేదు, బ్లేడు పదునుగా ఉండి పక్కటెముకల మధ్య తగిలితే 32 కూడా అవతలికి దూసుకుపోతుంది. ఎల్క్ లాంటి పెద్ద జంతువు మాటయితే వేరు, దానికి ఇంకా బరువైన విల్లు, బరువైన బాణం కావాలి, అది మొదటి ఏడాది ఆలోచన కాదు.

డ్రా లెంగ్త్ కొలుచుకోవడం తేలిక. చేతులు రెండూ బార్లా చాచి ఈ మధ్యవేలి కొస నుంచి ఆ మధ్యవేలి కొస దాకా అంగుళాల్లో కొలిచి రెండున్నరతో భాగించండి. 70 వస్తే 28. సందేహం ఉంటే అర అంగుళం తక్కువే పెట్టించుకోండి, ఎక్కువైతే తల వెనక్కి వాలిపోతుంది, నారి ముంజేతికి కొడుతుంది. ఏ కన్ను బలమైనదో కూడా చూసుకోండి. చేతులు చాచి అరచేతుల మధ్య చిన్న సందు చేసి దూరంగా ఉన్న వస్తువుని చూస్తూ, ఒక్కో కన్నూ మూసి చూడండి, ఏ కంటికి ఆ వస్తువు సందులోనే కనిపిస్తుందో అదే మీ కన్ను. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను బలమైనదైతే ఎడమచేతి విల్లే కొనమంటాను, మొదట్లో ఇబ్బందిగా ఉన్నా కొత్తవాళ్లకి మార్చుకోవడానికి అదే సరైన సమయం.

బాణం లేకుండా నారి లాగి వదలడం మాత్రం ఎప్పుడూ, ఏ విల్లుతోనూ, సరదాకి కూడా చెయ్యొద్దు. బాణంలోకి వెళ్లాల్సిన శక్తంతా లింబ్‌ల్లోకి పోయి విల్లు చేతిలోనే పగలొచ్చు.

బాణాలు, ములుకులు

కాంపౌండ్‌కి కార్బన్ బాణాలే తీసుకోండి, చెక్క బాణాలు ఎప్పుడూ వద్దు. మీ డ్రా వెయిట్‌లో, అంటే మీరు లాగే బరువులో, ఒక్కో పౌండ్‌కి కనీసం 5 గ్రెయిన్లు ఉండాలన్నది విల్లు క్షేమం కోసం పెట్టిన హద్దు, వేటకి ఏడు ఎనిమిది ఉంటే విల్లు చప్పుడు తగ్గుతుంది, బాణం లోతుగా వెళుతుంది. బాణం బిగువుకి రాసే 340, 400, 500 అనే అంకెల్లో అంకె తగ్గేకొద్దీ బాణం గట్టిది. మీ డ్రా వెయిట్‌కి, బాణం పొడవుకి ఏది సరిపోతుందో తయారీదారు పట్టికలో చూసి తీసుకోండి. వేసే ప్రతిసారీ కార్బన్ బాణాన్ని చెవి దగ్గర కొంచెం వంచి చూడాలి, చిటపట చప్పుడొస్తే పారెయ్యాలి. పగులున్న కార్బన్ బాణం నారి వదలగానే ముక్కలై చేతిలోకి దిగుతుంది.

ములుకుల్లో, అంటే బ్రాడ్‌హెడ్‌లలో, ఫిక్స్‌డ్ కావాలా మెకానికల్ కావాలా అన్నది ఎడతెగని వాదన. ఫిక్స్‌డ్‌లో బ్లేడులు ఎప్పుడూ బయటే ఉంటాయి, విరిగిపోవడానికి కదిలే భాగాలు లేవు, శక్తి తక్కువ ఉన్నా లోపలికి దిగుతుంది. మెకానికల్‌లో బ్లేడులు మడుచుకుని ఉండి తగిలినప్పుడు తెరుచుకుంటాయి, వెడల్పుగా కోస్తాయి, రక్తపు జాడ బాగా పడుతుంది, కానీ తెరుచుకోవడానికీ ఆ వెడల్పుని తోసుకెళ్లడానికీ బాణం శక్తిలో కొంత ఖర్చవుతుంది. రికర్వ్ వాడేవాళ్లు, 50 పౌండ్ల లోపు కాంపౌండ్ వాడేవాళ్లు ఆలోచించకుండా ఫిక్స్‌డ్ తీసుకోండి. 60 పైన లాగేవాళ్లకి రెండూ పనికొస్తాయి, అయినా కొత్తవాళ్లకి నేను ఫిక్స్‌డ్ వైపే మొగ్గుతాను. విల్లు సరిగా ట్యూన్ కాకపోతే ఫిక్స్‌డ్ ములుకు ఆ లోపాన్ని దాచదు, సాధన ములుకులు పడ్డచోట కాకుండా పక్కకి పడి చూపిస్తుంది. మెకానికల్ దాన్ని కప్పిపుచ్చుతుంది. ఏది తీసుకున్నా సాధన ములుకు ఎన్ని గ్రెయిన్లో వేట ములుకు కూడా అన్నే ఉండాలి, బ్లేడు చేతి మీది వెంట్రుకల్ని గొరిగేంత పదునుండాలి. సాధనకి వాడిన బ్లేడుతో వేటకి వెళ్లకండి.

మిగతా సామాన్ల గురించి చకచకా చెప్పేస్తాను. సైట్ అయితే మూడు పిన్నులది, 20, 30, 40 గజాలకి. ఒకే పిన్ను జరుపుకునే రకం శుభ్రంగా కనిపిస్తుంది గానీ జంతువు అడుగులు వేస్తుంటే దాన్ని తిప్పుకుంటూ కూర్చోలేరు. బాణం ఆనే రెస్ట్ అయితే బాణాన్ని చుట్టూ పట్టుకుని ఉంచే బ్రష్ రకం, బాణం జారిపోదు. రిలీజ్ అయితే మణికట్టుకి కట్టుకునేది, కానీ ట్రిగ్గర్‌ని గబుక్కున గుంజకుండా వీపు కండరాలు బిగిస్తూ అదే పేలేలా మొదటి రోజు నుంచీ నేర్చుకోండి.

చెట్టు మీదా, గుడారంలోనా, నడుస్తూనా

జంతువు వెనకాల నడుచుకుంటూ వెళ్లి వెయ్యడం విల్లు వేటలో అన్నిటికంటే కష్టం, కొత్తవాళ్లకి వద్దు. మిగిలినవి ట్రీ స్టాండ్, నేల మీద గుడారంలా ఉండే బ్లైండ్. స్టాండ్‌లో 15, 20 అడుగుల ఎత్తున ఉంటారు కాబట్టి దూరం కనిపిస్తుంది, మీ వాసన కొంతవరకు జంతువు తల మీదుగా పోతుంది. కానీ విల్లు వేటలో జరిగే పెద్ద ప్రమాదాల్లో ఎక్కువ భాగం బాణాల వల్ల జరిగేవి కావు, స్టాండ్ మీదనుంచి పడటం వల్ల జరిగేవి. ఒంటికంతా తొడుక్కునే హార్నెస్ వేసుకుని, నేల వదిలిన క్షణం నుంచి మళ్లీ నేల తాకేదాకా లైఫ్‌లైన్‌కి, అంటే చెట్టుకి కట్టిన తాడుకి, తగిలించుకునే ఉండాలి, కూర్చున్నాక తగిలించుకుంటే సరిపోదు. విల్లుని చేత్తో పట్టుకుని ఎక్కకండి, తాడు కట్టి తర్వాత పైకి లాక్కోండి.

బ్లైండ్‌లో పడిపోయే భయం లేదు, లోపల విల్లు లాగే కదలిక చాలావరకు కనిపించదు, పక్కన నేర్పేవాళ్లు కూర్చోవచ్చు. అందుకే మొదటి సీజన్‌కి నా ఓటు బ్లైండ్‌కే. లోపల నల్ల బట్టలు వేసుకోండి, వెనక కిటికీలు మూసెయ్యండి, జింకల కోసమైతే వారం రెండు వారాలు ముందే అక్కడ పెట్టి అలవాటుపడనివ్వండి. ఎక్కడ కూర్చున్నా గాలి మీ వైపు నుంచి జంతువు వచ్చే దారి వైపు వీస్తుంటే ఆ రోజుకి ఆ చోటు వదిలెయ్యండి. కొండ వాలులో పొద్దున ఎండెక్కేకొద్దీ గాలి పైకి లేస్తుంది, సాయంత్రం చల్లబడ్డాక కిందికి జారుతుంది, దాన్ని బట్టి పొద్దుటి చోటు, సాయంత్రపు చోటు వేరువేరుగా పెట్టుకోవాలి.

ఎప్పుడు వెయ్యాలి, వేశాక ఎంతసేపు ఆగాలి

జింక పూర్తిగా పక్కకి తిరిగి ఉన్నప్పుడు, లేదా కొంచెం అవతలికి తిరిగి ఉన్నప్పుడు, ఈ రెండిటిలోనే వెయ్యండి. ఎదురుగా మీవైపు తిరిగి ఉంటే వద్దు, వెనక నుంచి వద్దు, సరిగ్గా చెట్టు కిందికి వచ్చి ఉంటే కూడా వద్దు, ఎందుకంటే పైనుంచి నిలువుగా వేస్తే రెండు ఊపిరితిత్తులూ తగలవు. బాణం చంపేది దెబ్బ బలంతో కాదు, కోసి రక్తం పోగొట్టి చంపుతుంది. రెండు ఊపిరితిత్తులూ తెగితే జింక కొన్ని సెకన్లలోనే పడిపోతుంది. ఆ చోటు ఎనిమిది అంగుళాల వెడల్పు ఉంటుందనుకుని సాధన చెయ్యండి. ఎంత దూరం నుంచి మీ మొదటి బాణం, ఒళ్లు వేడెక్కకముందు వేసిన మొదటి బాణం, ఆ వృత్తంలో ప్రతిరోజూ పడుతుందో అదే మీ దూరం, ముప్పయ్యో బాణం పడ్డ దూరం లెక్కలోకి రాదు.

వేసిన తర్వాత వెంటనే లేచి పరిగెత్తకండి. అది నిలబడ్డ చోటుని, చివరగా కనిపించిన చోటుని గుర్తుపెట్టుకుని కూర్చోండి. బాణం దొరికితే దాని మీది రక్తం చూడండి. నురగతో లేత ఎరుపుగా ఉంటే ఊపిరితిత్తులు, అరగంట నుంచి గంట ఆగి వెళ్లొచ్చు. ముదురు ఎరుపైతే కాలేయం కావచ్చు, నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి. ఆకుపచ్చగా, గడ్డి తునకలతో, దుర్వాసనగా ఉంటే పొట్టకి తగిలింది, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. అది దగ్గర్లోనే పడుకుంటుంది, తొందరపడి వెళితే లేచి మైళ్ల దూరం పోతుంది, ఎప్పటికీ దొరకదు. ఈ ఆగడం కష్టమే, అయినా తప్పదు, జాడ పట్టే కుక్కని అనుమతించే చోట ముందే ఒకరి నంబరు రాసిపెట్టుకోండి.

ఏ జంతువుతో మొదలుపెట్టాలి అంటే అనుమతి ఉన్నచోట ఆడ జింకతో. కొమ్ముల కోసం ఎదురుచూసే ఒత్తిడి ఉండదు, అవకాశాలు ఎక్కువ వస్తాయి. టర్కీ చిన్నదని తేలికనుకుంటారు, దాని ఆయువుపట్టు సుమారు పిడికిలంతే ఉంటుంది. అడవి పందికి గుండె, ఊపిరితిత్తులు జింకకంటే కిందికీ ముందుకీ ఉంటాయి, పెద్ద మగపందికి భుజం మీద మందపాటి తోలు కవచంలా ఉంటుంది, తర్వాత చూడొచ్చు.

ఇంక ఎంపికకి వస్తే. వారానికి మూడు నాలుగు రోజులు వీలుండి, దగ్గర్లో దుకాణం ఉండి, ఏడాది లోపల వేటకి వెళ్లాలనుంటే బరువు తగ్గించి పెంచుకోగలిగే కాంపౌండ్, 45, 50 పౌండ్లతో మొదలుపెట్టండి. రోజూ విల్లు పట్టుకోవడమే ఇష్టమై, వేట రెండేళ్ల తర్వాతైనా పర్వాలేదనుకుంటే టేక్‌డౌన్ రికర్వ్. భుజం సహకరించకపోతే క్రాస్‌బో, కానీ మిగిలిన సమయాన్ని అడవిలో జాడలు చూడటానికి పెట్టండి. ఏది కొన్నా మొదటి నెల మనిషి దగ్గరే నేర్చుకోండి, వీడియోలు చూసి పట్టిన పట్టుని తర్వాత మార్చుకోవడం చాలా కష్టం. సీజన్‌కి రెండు నెలలే ఉండి ఇంకా విల్లు కొననేలేదంటే ఈసారికి మీరు వెయ్యొద్దు. అనుభవం ఉన్న ఒకరిని అడిగి వాళ్లతో విల్లు లేకుండా వెళ్లి బ్లైండ్‌లో కూర్చోండి, జాడ పట్టడంలో, జంతువుని కోసి మాంసం మోసుకురావడంలో చెయ్యి వెయ్యండి. చాలామంది వేటగాళ్లు కాదనరు, మోసేవాళ్లు దొరికితే సంతోషిస్తారు.